మన్యసీమలో మూడు రోజులు

2025 సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు యానాం నుండి, దాని చుట్టుపట్ల గ్రామాల నుండి తొమ్మిది చేనేత కుటుంబాల వారము కలిసి మారేడుమిల్లి కొండలకు వెళ్ళి వచ్చాము. పిల్లలతో సహా ఇరవై ఆరుగురము. ఉన్నది మూడు రోజులే. అయినా అక్కడ కంటికి కనబడిన అందాన్నీ, అక్కడ మేము చేసిన ఒక తప్పునూ మన కుటుంబాలవారికి చెప్పవలసి ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బయలుదేరే ముందు

పుష్యమాసం శూన్యమాసం. ముహూర్తాలు ఉండవు. పెళ్ళి చీరలకు గిరాకీ ఉండదు. ఊరు కదలటానికి ఏడాదిలో ఏదైనా వీలున్నదంటే అది ఈ రోజుల్లోనే. అయినా ప్రయాణం మాట ఎత్తగానే ఇళ్ళలో వాదన బయలుదేరినది. మగ్గం మూడు రోజులు ఆగితే మూడు రోజుల మజూరీ ఆగుతుంది. ఉద్యోగస్తునికి సెలవు జీతం ఉన్నది గాని మగ్గానికి సెలవు జీతం ఎవరిస్తారు? బస్సు ఖర్చు, బస ఖర్చు వేరే.

"కొండలు చూస్తే కూడొస్తుందా?" అన్నారు మాలో పెద్దవారైన మామయ్యగారు. ఆయనకు డెబ్బై దాటినవి. పదవ ఏట కండెలు చుట్టటంతో మొదలుపెట్టి ఇంతవరకూ పని మానని మనిషి. పెళ్ళిళ్ళకూ తీర్థాలకూ తప్ప ఊరు దాటి ఎరుగరు. ఆయనకు జవాబు అత్తయ్యగారే చెప్పారు. "అరవై ఏళ్ళు గుంటలో కూర్చున్న కాళ్ళు ఒక్కసారి కొండెక్కితే అరిగిపోవులెండి" అన్నారామె. దానితో ప్రయాణం ఖాయమైనది.

ఇంకొక కారణం కూడా ఉన్నది. మాలో ఒక యువకుడు సహజ రంగుల అద్దకం నేర్చుకోవాలని పట్టుదలగా ఉన్నాడు. పుస్తకంలో ఏ రంగు పేరు చదివినా ముందు కరక్కాయ పేరు వస్తున్నదనీ, ఆ కరక్కాయ మన వెనక ఉన్న కొండలలోనే దొరుకుతున్నదనీ, చెట్టు ఎలా ఉంటుందో చూడకుండా రంగు వేయటమేమిటనీ అతని వాదన.

ఆలోచిస్తే అతని మాట నిజమే. యానాం వారికి సముద్రం అవతలి సంగతులు కొత్త కావు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచివారు ఇక్కడ కాలు పెట్టినది ముఖ్యంగా బట్టల వర్తకం కోసమే. ప్రక్కనున్న ఇంజరంలోనూ నీలపల్లిలోనూ ఇంగ్లీషు కంపెనీవారు కొట్లు పెట్టి మన తాతముత్తాతల చేత నేయించిన గుడ్డను ఓడలకెక్కించారు. 1954లో ఫ్రెంచి పాలన తొలగిన తరువాత కూడా మన చూపు రేవు వైపే ఉండిపోయినది. ఊరికి వెనక, ఉత్తరాన నీలంగా కనబడే కొండల వైపు చూసినవారు తక్కువ. సముద్రం మీదుగా వెళ్ళిన ఆ గుడ్డకు సగం సరుకు కొండల నుండే దిగి వచ్చినదన్న మాట మనలో చాలామంది మరచిపోయారు.

దారి పొడుగునా

తెల్లవారకముందే యానాంలో బయలుదేరాము. ద్రాక్షారామంలో భీమేశ్వరునికి దణ్ణం పెట్టుకొని, రామచంద్రపురం మీదుగా ద్వారపూడి చేరాము. ద్వారపూడి బట్టల బజారు మనవారికి తెలియనిది కాదు. బస్సు అక్కడ పావుగంట ఆగితే ఆడవారు నాలుగు కొట్లు చుట్టి, మరమగ్గం చీర మీద చేనేత చీటీ అంటించి అమ్ముతున్నారని కోపంతో తిరిగి వచ్చారు. ఆ కోపం గోకవరం దాకా చల్లారలేదు.

ఇంతవరకూ దారికి రెండు ప్రక్కలా కాలువలు, వరి చేలు, కొబ్బరి చెట్లు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని మన కోనసీమ, ఈ డెల్టా యావత్తూ పచ్చబడినవి. కోరుకొండ దాటాక నేల మెల్లగా ఎత్తవుతుంది. కాలువలు వెనకబడతాయి. గోకవరం దాటితే ఇక మైదానం అయిపోయినట్టే. జీడిమామిడి తోటలు, ఆ వెనక కొండలు. ఒక కొండ వెనక మరొకటి, ముందుది పచ్చగా, తరువాతది నీలంగా, ఆ వెనకది బూడిద రంగుగా.

రంపచోడవరంలో టిఫిన్లు చేశాము. ఈ ప్రాంతాన్ని మనవారు ఏజెన్సీ అంటారు. ఇంగ్లీషువారి కాలంలో కలెక్టరు గవర్నరుకు ఏజెంటుగా ఉండి ఈ కొండసీమను వేరే పద్ధతిలో పాలించినందున ఆ పేరు వచ్చినది. మన్యం అన్నది అంతకన్నా పాత మాట. పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ మండలాలను 2022లో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు. 1922 నుండి 1924 వరకు సీతారామరాజు పోరాటం జరిపిన నేల గనుక ఆ పేరు తగినదే.

అక్కడి నుండి మారేడుమిల్లి దాకా అడవిలోనే దారి. రాజమహేంద్రవరం నుండి లెక్క పెడితే సుమారు 85 కిలోమీటర్లు. వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉన్నవి. కిటికీలోనుంచి వచ్చే గాలి మారినది. సముద్రపు ఉప్పు గాలి పీల్చి పెరిగిన మన పిల్లలు ఆ చల్లదనానికి ఆశ్చర్యపడి, ఎవరో పెద్ద పెట్టె తలుపు తెరచి మంచు గాలి వదిలారా అని అడిగారు.

కొండ మీద తెల్లవారు జామున

రెండవ రోజు తెల్లవారు జామున మూడున్నరకు లేచి జీపులు మాట్లాడుకొని గుడిస కొండకు వెళ్ళాము. మారేడుమిల్లి నుండి సుమారు 40 కిలోమీటర్లు. చివరి దూరం రాళ్ళ దారి. పైకి చేరితే చెట్టు చేమ లేదు. కనుచూపు మేర గడ్డి. చలికి పిల్లలను దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టాము. తూర్పు తెల్లబడగానే మంచు కనబడినది. అది మాకు పైన లేదు, క్రింద ఉన్నది. లోయలన్నీ నిండి, కొండ శిఖరాలు మాత్రం పైకి తేలి ఉన్నవి.

"మామ్మా, పడుగు పరచి గంజి పెట్టినట్టు లేదూ?" అన్నది ఎనిమిదేళ్ళ పిల్ల. నిజంగా అలాగే ఉన్నది. ఎండ తగిలిన కొద్దీ మంచు పోగులు పోగులుగా విడిపోయి, క్రింద ఊళ్ళూ వాగులూ బయటపడినవి. మామయ్యగారు మాట్లాడలేదు. చాలాసేపటికి, "పొద్దు పొడవటం ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాననుకున్నాను. వీధిలో పడుగు ఆరిందా లేదా అని చూశానే గాని పొద్దును చూడలేదు" అన్నారు. ఇక ఆ తరువాత కూడు ప్రశ్న ఆయన నోట రాలేదు.

దిగి వచ్చి చింతూరు దారిలో ఉన్న జలతరంగిణి జలపాతం చూశాము. అమృతధారకు అడవిలో కొంత దూరం నడవవలసి ఉన్నందున పెద్దవారు ఆగిపోయి పిల్లలూ పడుచువారూ వెళ్ళి వచ్చారు. దారి ప్రక్కన వెదురు బొంగులో కోడి మాంసం కూరి, నూనె లేకుండా నిప్పుల మీద కాల్చి అమ్ముతారు. దానికి బొంగు చికెన్ అని పేరు. తినేవారు మెచ్చుకున్నారు. తిననివారు జొన్న రొట్టెతో సరిపెట్టుకున్నారు. చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు మాలో చాలామంది మొదటిసారి చూశారు.

కొండరెడ్ల ఊరిలో

మధ్యాహ్నం ఒక కొండరెడ్ల గూడేనికి వెళ్ళాము. ముందుగా ఊరి పెద్దకు కబురు చేసి, రావచ్చునన్న తరువాతనే వెళ్ళాము. కొండరెడ్లు ఈ గోదావరి కొండలలో తరతరాలుగా ఉన్నవారు. మాట్లాడేది తెలుగే. వారి జీవనం గురించి ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1945లోనే ఒక పెద్ద పుస్తకం ప్రకటించాడు. పోడు సేద్యం, అడవి సరుకు ఏరటం, వెదురు పని వారి ఆధారాలు. మామిడి టెంకలోని జీడిని నానబెట్టి, దంచి, చేదు పోయేదాకా కడిగి జావ కాచుకొని కరువు నెలలు గడుపుతారని విన్నాము. మన ఇళ్ళలో టెంక పారవేస్తాము.

ఒక ఇంటి అరుగు మీద ఒకాయన వెదురు చీలుస్తున్నాడు. కత్తి పెట్టి ఒక దెబ్బ, తరువాత బొటనవేలితో నొక్కి లాగటం. పేళ్ళన్నీ ఒకే మందం. మామయ్యగారు ఆయన ప్రక్కన చేరి, ఒక పేడు చేతిలోకి తీసుకొని, వంచి చూసి, గోటితో గీకి చూసి, "ఇది పన్నెకు పనికొచ్చే వెదురు" అన్నారు. పన్నె అంటే ఏమిటని ఆయన అడిగాడు. పడుగు పోగులు చిక్కుపడకుండా ఒక్కొక్క సందులోనుంచి దూరే దువ్వెన వంటిదనీ, ఇప్పుడు ఇనుప పన్నెలు వచ్చినా తమ చిన్నతనంలో వెదురు పేళ్ళతోనే కట్టేవారనీ, ఆ పని చేసేవారు ఊరూరా తిరిగేవారనీ మామయ్యగారు చెప్పారు. ఇద్దరూ గంటసేపు పేళ్ళ మందం గురించే మాట్లాడుకున్నారు. ఒకరిది బుట్ట, మరొకరిది గుడ్డ. రెంటిలోనూ పడుగూ పేకే.

ఆ గూడెంలో మగ్గం లేదు. కట్టుకునేదంతా సంతలో కొన్నదే. చీర నేయటానికి ఎన్ని రోజులు పడుతుందని ఆడవారు అడిగారు. అత్తయ్యగారు లెక్క చెప్పారు. నూలు తడపటం, ఆసు పోయటం, అచ్చు అతకటం, కండెలు చుట్టటం, అప్పుడు గదా నేత. ఇంటిల్లిపాదీ చేస్తే గాని ఒక చీర దిగదని చెప్పారు. "మరి మీకేం మిగులుద్దమ్మా?" అని అడిగింది ఒక ముసలమ్మ. మాకు నవ్వు వచ్చినది. ఇన్నేళ్ళుగా సంఘాల సభలలో మనం అడుగుతున్న ప్రశ్న అదే. అది అంత సూటిగా ఒక కొండ ఊరి ముసలమ్మ నోట వినవలసి వచ్చినది.

వారి లెక్క కూడా చెప్పారు. కొండచీపుర్లకు గడ్డి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి, తలమీద పెట్టుకొని మైళ్ళు నడిచి దించితే వచ్చే ధర ఎంతో చెప్పారు. మన ఊరి బజారులో ఆ చీపురుకు మనమిచ్చే ధర మాకు తెలుసు. మధ్యన ఎన్ని చేతులు మారినదో ఎవరూ చెప్పనక్కరలేదు.

సంతలో మేము చేసిన పని

తిరుగు దారిలో ఒక సంత కనబడినది. చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకుల కట్టలు, చీపుర్లు, దుంపలు. ఒక పక్కగా ఒకామె బుట్టెడు కరక్కాయలు పెట్టుకొని కూర్చున్నది. మా రంగుల కుర్రవాడు పరుగెత్తాడు. బుట్ట యావత్తుకూ ఆమె ఒక ధర చెప్పినది. మేము సగానికి అడిగాము. ఆమె కాదన్నది. మేము లేచి నాలుగు అడుగులు వేశాము. ఆమె పిలవలేదు. మళ్ళీ మేమే తిరిగి వచ్చి, కాయలు చిన్నవన్నాము, పుచ్చు ఉన్నదన్నాము, ఇంకొకచోట చవకగా ఇస్తున్నారని లేనిపోని మాట కూడా అన్నాము. పొద్దు వాలుతున్నది. ఆమె ఊరు దూరం. చివరికి చెప్పిన ధరలో మూడవ వంతు తగ్గించి ఇచ్చినది. మేము గెలిచామన్న సంతోషంతో బస్సెక్కాము.

రాత్రి బసలో భోజనాలైన తరువాత ఆ కాయలను పరచి ఏరుతుండగా అత్తయ్యగారు మెల్లగా అన్నారు. "చీర మడత విప్పి, పోగు లేచిందని, అంచు వంకరని, పక్క ఊళ్ళో ఇంతకే ఇస్తున్నారని షావుకారు అంటాడు చూడండి, ఈవేళ మనం అచ్చం ఆ మాటలే అన్నాం. పొద్దుపోయాక తిరిగి మోసుకుపోలేదని ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు."

ఎవరూ మాట్లాడలేదు. మాలో ప్రతి ఇంటివారికీ ఆ గుమ్మం ముందు నిలబడిన అనుభవం ఉన్నది. మడత విప్పిన చీర, ఎదుట కూర్చున్న కొనుగోలుదారు, ఇంట్లో బియ్యం నిండుకున్న సంగతి మనసులో. ఆ గుమ్మం ముందు పడిన అవమానం మాకు బాగా జ్ఞాపకమే. సంతలో మేము గుమ్మానికి అవతలి వైపు కూర్చోగానే ఆ జ్ఞాపకం ఎక్కడికి పోయినదో!

మరునాడు పొద్దున్నే తగ్గించిన సొమ్ము పట్టుకొని ఇద్దరము సంత స్థలానికి వెళ్ళాము. సంత వారానికి ఒక్కరోజే. అక్కడ ఖాళీ నేల, తొక్కిన అడ్డాకులు, రెండు మేకలు ఉన్నవి. ఆమె పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆ సొమ్ము మా దగ్గరే ఉండిపోయినది.

ఇది కొత్త కథ కాదు

ఈ కొండలకు మైదానపు వారి బేరాలు కొత్త కాదు. 1879లో రంప ప్రాంతంలో పెద్ద తిరుగుబాటు జరిగినది. అడవి మీద ఆంక్షలు, గీసుకునే కల్లు మీద చిగురుపన్ను అన్నవి దానికి కారణాలని మనం చదువుకున్నాము. మూడవ కారణం కూడా ప్రభుత్వపు విచారణలోనే తేలినది. క్రింది నుండి వచ్చిన వర్తకులు చదువురాని కొండవారి చేత అన్యాయమైన పత్రాలు రాయించుకొని, కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులనూ ధాన్యాన్నీ పట్టుకుపోయారు. కల్లు మీద పన్ను వేసిన ఆ రోజులలోనే, దానికి కొంచెం ముందు వరకూ, మన మగ్గానికి కూడా మోతర్ఫా అనే పన్ను ఉండేది. పన్నూ, అప్పూ, తక్కువ ధరా ఈ మూడూ కొండవారినీ మనలనూ ఒకే విధంగా నలిపినవి.

దానికి మందు కూడా రెండు చోట్లా ఒకటే కనిపెట్టారు, సహకారం. మనకు చేనేత సహకార సంఘాలు ఏర్పడినవి. కొండవారి సరుకు కొనటానికి, వారికి నిత్యావసరాలు అమ్మటానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. గిరిజనుల భూమి ఇతరుల చేతిలో పడకుండా 1970లో 1/70 నిబంధన వచ్చినది. మన సంఘాలలోని లోపాలు మనకు తెలుసు. అయినా సంఘం లేని రోజులలో మన పెద్దలు పడిన పాట్లు తెలిసినవారెవరూ సంఘం వద్దనరు.

కరక్కాయా మన ఎరుపూ

ఇక రంగు సంగతి. నూలు రంగును ఊరికే పట్టుకోదు. పట్టించేది ఒకటి కావలెను. కరక్కాయలో ఉన్న వగరు ఆ పని చేస్తుంది. కరక్కాయ నీటిలో నానబెట్టి ఆరవేసిన నూలుకు పటిక కలిపి, మన తీరపు ఇసుక నేలలలో త్రవ్వి తీసే చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు వస్తుంది. అదే నూలును తుప్పు నీటిలో ముంచితే నలుపు వస్తుంది. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ పనివారు బట్టను ముందు కరక్కాయతో తడిపేది ఇందుకే. అంటే మన పాత ఎరుపులో వేరు సముద్రపు ఒడ్డుది, కాయ కొండది. రెండూ నేతగాని ముంగిట కలుసుకున్నవి.

ఆ కలయిక ఎలా తెగినది? 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు అలిజరిన్ అనే ఎర్రరంగును ప్రయోగశాలలో తయారు చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చినది. రంగు డబ్బాలో దిగిన తరువాత వేరు త్రవ్వేవారు, కాయ ఏరేవారు నేతగానికి అక్కరలేకపోయారు. తొందరగా పని అవుతుంది, రంగులు ఎక్కువ. మనవారు దానిని తీసుకోవటంలో తప్పు లేదు.

అయితే అన్ని చోట్లా ఆ సంబంధం తెగిపోలేదు. ఈ కొండలకు అవతల ఒడిశాలో కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ ఊరి నేతగాండ్రు తొగరు జాతి చెట్టు వేరు పట్టతో నూలు అద్ది, గిరిజనులు కట్టే చీరలే నేస్తారు. 2005లో ఆ గుడ్డకు భౌగోళిక గుర్తింపు లభించినది. మన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకు కొండపత్తి వాడటం, ఆ పత్తిని వాలుగ చేప దవడతో ఏకటం మనకు తెలిసినదే. కొండ పత్తినీ, నీటి చేప ఎముకనూ ఒక్క పోగులో కలిపిన ఘనత మన ఆడవారిదే.

ఇంటికి వచ్చిన తరువాత

తెచ్చిన కాయలు వృథా చేయలేదు. గింజ తీసి పెచ్చు దంచి, పొడిని రాత్రంతా నీటిలో నానబెట్టాము. బాగా ఉడికించి మురికి తీసిన నూలు చిలపలను అందులో ఉంచి, పిండి, ఎండలో ఆరవేశాము. నూలు లేత పసుపుగా మారినది. వేరొక కుండలో తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీరు వేసి మూడు వారాలు పులియనిచ్చాము. ఆ నీటిలో ముంచగానే పసుపు నూలు మా కళ్ళ ఎదుటే నల్లబడినది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను గదా. మొదటి విడతలో తుప్పు నీరు ఎక్కువైనది. నలుపు బాగానే వచ్చినది గాని ఆసు పోసేటప్పుడు పోగులు తెగినవి. ఇనుము మించితే నూలు చచ్చిపోతుందని పెద్దలు చెప్పినది నిజమే. రెండవ విడతలో నీరు పలుచన చేసి, ముంచిన వెంటనే మంచి నీటిలో జాడిస్తే బూడిద రంగు, దాని మీద రెండవసారి నలుపు వచ్చినవి. పోగు నిలిచినది. ఆ నూలు అంచుకు పెట్టి రెండు చీరలు దించాము. రెండే. దీనితో మన కష్టాలు తీరుతాయని మేము అనటం లేదు. పనికి పట్టే రోజులు, కొనేవారు దొరకటం, అన్నీ చూసుకోవలసినవే. కాని ఒక సంఘం పది కుటుంబాల చేత ఈ పని చేయించి, కాయను గిరిజన సహకార సంస్థ ద్వారానో, గూడెం వారి నుండి నేరుగానో న్యాయమైన ధరకు తెప్పించుకోగలిగితే, ఆ చీర ఖరీదులో కొంత కొండకు కూడా చేరుతుంది.

వెళ్ళదలచిన వారికి

కార్తీకం నుండి మాఘం వరకు అనువైన కాలం. వానాకాలంలో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి గాని వాగులు హఠాత్తుగా పొంగుతాయి. జలపాతాల క్రింద రాళ్ళు నున్నగా ఉండి జారుతాయి గనుక పిల్లల చేయి విడువరాదు. గుడిస వంటి చోట్లకు అటవీశాఖవారి షరతులు మారుతూ ఉంటాయి. ముందుగా విచారించుకొని బయలుదేరటం మంచిది. రాత్రి చలికి దుప్పట్లు, దోమలకు తెరలు తప్పనిసరి. పాపికొండలకు లాంచీ మీద వెళ్ళేవారు తప్పక ప్రాణరక్షణ చొక్కా తొడుక్కోవలెను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగి అనేకమంది పోయిన సంగతి మరువరాదు.

గూడేలకు వెళ్ళేవారు అడిగి వెళ్ళవలెను. అడగకుండా ఫోటోలు తీయరాదు. మన వీధిలో పడుగు పరచి ఉండగా ఎవరో కారులో దిగి, మనలను పలకరించకుండా ఫోటో తీసుకొని పోతే మనకెట్లా ఉంటుందో తలచుకుంటే చాలు. ప్లాస్టిక్ సీసాలు, సంచులు అక్కడ వదలిరారాదు. ఇక బేరం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ముగింపు

శబరి, సీలేరు మొదలు ఈ కొండసీమ ఏళ్ళూ వాగులూ గోదావరిలోనే కలుస్తాయి. ఆ నీరే పాయలుగా చీలి, గౌతమిగా మన యానాం ప్రక్కనుంచి సముద్రంలోకి పోతున్నది. 1986 ఆగస్టులోనూ 2022 జులైలోనూ గోదావరి పొంగినప్పుడు ఆ నీరు మన వీధులలోకే వచ్చినది. గుంట మగ్గం ఉన్న ఇంటిలో వరద ముందు నిండేది ఆ గుంటే. కొండ మీద ఏమి జరిగినా దాని ఫలితం మన గుంట దాకా వస్తుందని ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు. కొండవారు బాగుంటే అడవి ఉంటుంది. అడవి ఉంటే ఏరు అదుపులో ఉంటుంది.

సంతలో తగ్గించిన ఆ సొమ్మును అత్తయ్యగారు ఒక కవరులో పెట్టి, పైన "కరక్కాయల బాకీ" అని రాయించి, మగ్గం పైనున్న గూటిలో ఉంచారు. వచ్చే పుష్యమాసంలో మళ్ళీ వెళ్తాము. ఆమె కనబడితే ఆమెకే ఇస్తాము. కనబడకపోతే ఆ సంతలో కరక్కాయలు పెట్టుకొని కూర్చున్న మరొకరికి, ఆమె అడిగిన ధర మీద కలిపి ఇస్తాము. మామయ్యగారు కూడా వస్తామన్నారు. ఈసారి మజూరీ మాట ఎత్తలేదు.